పదిహేడో కాగితం

"ఆ సంచీ కింద పెట్టరా," అంది అత్తగారు.

మరిది పెట్టలేదు. చొక్కాలు మడతైనా పెట్టకుండా సంచీలో కూరుతున్నాడు. జిప్పు ఒక చొక్కా చేతిని పట్టుకుని కదలనంది. లాగాడు. చొక్కా చిరిగింది. అయినా లాగాడు.

"నన్ను దొంగ అన్న ఇంట్లో నాకేం పనమ్మా?"

"దొంగ అనలేదు," అంది గుణింతం, గుమ్మంలో నిలబడి. "కాగితం ఎలా బయటికి పోయిందని అడిగానంతే."

"నిన్న మూడుసార్లు అడిగావు. పొద్దున్న కాఫీ ఇస్తూ నాలుగోసారి అడిగావు. ఈ ఇంట్లో నలుగురం ఉన్నాం. నాలుగుసార్లూ నన్నే అడిగావు. దాన్నేమంటారు వదినా?"



గుణింతం ఆమె అసలు పేరు కాదు. ఏ అక్షరం చేతికిచ్చినా దానికి పట్టే గుర్తులన్నీ పెట్టి చూడనిదే వదలదని ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. అది ఎప్పుడో ఇంటికి కూడా పాకింది. పెళ్లయిన పదకొండేళ్లలో అసలు పేరుతో పిలిచేది అత్తగారు ఒక్కతే మిగిలింది, అదీ కోపమొచ్చినప్పుడు.

ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య, ప్రతి పత్రానికీ ఒక పద్ధతి ఉండాలని ఒక ప్రమాణం ఉంది. ఒక యంత్రంలో రాసిన పత్రాన్ని ఇంకో యంత్రంలో తెరిస్తే ఒక్క గుర్తు కూడా జారిపోకూడదు. కంపెనీలు చేసిన సాఫ్ట్‌వేర్లు ఆ ప్రమాణానికి నిలబడతాయో లేదో తేల్చే పరీక్షల పథకం రాయడం ఆమె ఉద్యోగం. విడతకు కొత్తగా నలభై రహస్య పత్రాలు. వాటికి రావలసిన నలభై జవాబులు. ఆ జవాబులు కంపెనీల కంటపడితే ఇక పరీక్షే లేదు.

మరిది పనిచేసే కంపెనీ సాఫ్ట్‌వేరు గడిచిన రెండు విడతల్లోనూ పదకొండేసి పత్రాలు తప్పింది. ఈసారి ముప్పై తొమ్మిది నెగ్గింది. తప్పింది ఒక్కటే. ఆ ఒక్కటే ఆమె నిద్ర పాడుచేసింది. ఎందుకంటే ఆ తప్పు జవాబు ఆమెకు బాగా తెలుసు. చిత్తుప్రతిలో ఆమె రాసిన తప్పే అది, పొల్లు పోకుండా. మరుసటి వారం ఆఫీసు ఫైల్లోకి ఎక్కిస్తూ దాన్ని దిద్దేసింది. దిద్దని ప్రతి లోకం మొత్తమ్మీద ఒక్కటే ఉంది. ఈ ఇంట్లో, ఆమె బీరువాలో, దుప్పట్ల కింద.

"ఏదీ, ఆ తప్పేంటో నన్నూ చూడనీ," అన్నాడు మరిది, చెయ్యి చాచి.

ఆమె కాగితాన్ని గుండెకు ఆనించుకుంది.

"ఇంకా దాపరికమేనా? మా కంపెనీ చేతిలో ఉందని నువ్వే అంటివి. కంపెనీ చూసింది నేను చూస్తే వచ్చిన నష్టమేంటి?"

ఆ మాటకి ఆమె కాగితాన్ని మడిచి, పైనున్న అంకె మీద బొటనవేలు పెట్టి, ఒక్క వరుస మాత్రం చూపించింది.

అతను చూశాడు. రెప్ప వాల్చి ఎత్తేంత సేపు కూడా పట్టలేదు.

"కింది గుర్తు ముందు రావాలిగా?" అన్నాడు. "అక్షరానికి పైనొకటీ కిందొకటీ గుర్తులుంటే మనిషి ఏది ముందు కొట్టినా సరే, యంత్రం కిందిదాన్నే ముందు పెట్టుకోవాలి. అప్పుడేగా రెండూ ఒకే మాటని దానికి తెలిసేది? ఇందులో పైది ముందుంది. ఎవరు రాశారిది?"

"నేనే. జ్వరంలో."

"ఈ రూలు నాకు నేర్పిందెవరు? ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే, అదిగో ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి రెండు వారాలు పాఠం చెప్పిందెవరు?" అతను బల్ల వైపు వేలు చూపించాడు. "నేను దొంగిలిస్తే తప్పు దిద్దకుండా ఇస్తానా వదినా? ఎవడో చూసింది చూసినట్టు దించేశాడు. అక్షరం ముక్క అర్థం కానివాడు."

సంచీ భుజాన వేసుకున్నాడు. జిప్పు సగంలోనే ఉండిపోయింది. మెట్లు దిగుతుంటే చిరిగిన చొక్కా చెయ్యి బయటికి వేలాడుతూ కనిపించింది. అత్తగారు వెనకాలే పరుగెత్తింది. "టిఫినైనా తినిపోరా" అన్న కేక మెట్ల మలుపు దగ్గర ఆగిపోయింది.

ముందుగదిలో ఇద్దరే మిగిలారు.

భర్త పేపరు చదువుతున్నాడు. అరగంటగా అదే పేజీ. తమ్ముణ్ణి అన్నేసి మాటలు అంటుంటే పేపరు వెనక నుంచి తల బయట పెట్టలేదు, వెళ్లిపోతుంటే ఆగమనలేదు.

అతను కోర్టులో టైపిస్టు. తన పని గురించి చుట్టాల ముందు చెప్పుకోవడం అతనికి ఇష్టం. "తప్పు దిద్దే అధికారం మాకు లేదండీ. సాక్షి తప్పు చెబితే తప్పే కొట్టాలి. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు," అనేవాడు. ఆ మాట ఆమె వెయ్యిసార్లు విని ఉంటుంది. ఈ పొద్దున అది మరిది నోటి నుంచి వచ్చి చెవిలో దిగబడింది.

ఛ, అనుకుంది. ఒకడు పోయాడు, ఇప్పుడు ఇంకొకరి మీద పడ్డావా, అని తనను తాను తిట్టుకుంది.

"మీరేం మాట్లాడరా?"

"ఏం మాట్లాడను? మీ అక్షరాల గోల నాకేం తెలుసు?" పేపరు మడిచి లేచాడు. చెప్పులు వేసుకుంటూ, ఆమె వంక చూడకుండా అన్నాడు. "ఒక్కటి చెబుతా విను. ఆ పదిహేడో కాగితం సంగతి ఆఫీసులో ఎత్తకు. తెగేదాకా లాగితే మనకే నష్టం."

వెళ్లిపోయాడు. టిఫిను డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

ఆమె చేతిలో కాగితం వంక చూసుకుంది. అంకె మీద పెట్టిన బొటనవేలు ఇంకా అక్కడే ఉంది. నిన్నటి నుంచి 'ఒక కాగితం' అంది, 'ఆ కాగితం' అంది. ఎన్నోదో ఎవరికీ చెప్పలేదు.

వేలు తీసింది. దాని కింద పదిహేడు అని ఉంది.

*

ఆఫీసులో పెద్దాయన అప్పటికే సంతకాల కాగితాలు సర్ది పెట్టుకున్నాడు. ఆ శాఖకు ఆయనే అధికారి. తలంతా నెరిసింది. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నదీ, ఇంతదాన్ని చేసిందీ ఆయనే.

"నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది," అన్నాడు. "నలభైలో ఒకటి పోతే ఫరవాలేదని మనమే రాసుకున్నాం. ధ్రువపత్రం ఇచ్చేద్దాం. ఒకటో తారీఖు నుంచి ఆసుపత్రులన్నిట్లో ఆ సాఫ్ట్‌వేరే పెట్టుకుంటారట."

"వద్దు సార్. ఇంకొక్క పరీక్ష చేద్దాం."

"పథకంలో లేని పరీక్ష ఎలా చేస్తాం?"

"ఉంది సార్. అనుమానం వస్తే పత్రాలు మార్చి మళ్లీ పెట్టవచ్చని ఏడో పేజీలో ఉంది. నేనే రాశాను."

"అనుమానం దేనికమ్మా?"

"రెండుసార్లు పదకొండు తప్పింది, నాలుగు వారాల్లో ముప్పై తొమ్మిదికి ఎలా ఎదిగింది?"

"కష్టపడ్డారేమో," అన్నాడు ఆయన. కలం మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "ఒక రోజు ఆలస్యమైతే కంపెనీవాళ్లు పైవాళ్ల దగ్గరికి పోతారు."

"రోజు అక్కర్లేదు. రెండు గంటలు చాలు."

 ఆయన కలం జేబులో పెట్టుకుని సరేనన్నాడు. అనక తప్పని సరే అది.

పదిహేడో పత్రం ఆమె ఊరికే పెట్టింది కాదు. కిందటేడు ఒక ఆసుపత్రిలో ఒకావిడ పేరును ఒక గుమాస్తా ఒక వరుసలో, ఇంకో గుమాస్తా ఇంకో వరుసలో కొట్టారు. కంటికి రెండూ ఒకటే. యంత్రానికి మాత్రం ఇద్దరు మనుషులయ్యారు, రెండు ఫైళ్లయ్యాయి. ఫలానా మందు ఆవిడకు పడదని ఒక ఫైల్లో ఉంది. డాక్టరు తెరిచింది రెండోది. ఆవిడ బతికింది కానీ, మూడు వారాలు కళ్లు తెరవలేదు. ఆ పేరుతో ఒక పరీక్ష రాయాలని ఆ సంగతి విన్న రోజే గుణింతం గుర్తు పెట్టుకుంది.

ఇప్పుడు ఆ నలభైలోంచి పది తీసుకుంది. రూలు మార్చలేదు. ఒక్కోదాంట్లో ఒక్కో మాట మార్చింది, అంతే. జవాబులు బట్టీ పట్టినవాణ్ణి పట్టుకోవాలంటే లెక్కలో అంకెలు మారిస్తే చాలు. అర్థమై చేసినవాడికి ఏ అంకెలైనా ఒకటే.

జవాబులు రెండుసార్లు సరిచూసుకుంది. మూడోసారి చూస్తుంటే చేతులు ఆగాయి. పదిహేడు అని భర్తకెలా తెలుసు? బీరువా తాళం చెవి ఎక్కడుంటుందో ఇంట్లో అందరికీ తెలుసు. అతనే తీశాడా? తీసి ఎవరికిచ్చాడు? తమ్ముడి ఉద్యోగం నిలబెట్టడానికా? అలాగైతే ఆ తమ్ముణ్ణే దొంగంటుంటే పేపరు చదువుతూ ఎలా కూర్చున్నాడు?

రెండింటికి కంపెనీ ఇంజనీరు వచ్చింది. నవ్వుతూ వచ్చింది, సాఫ్ట్‌వేరు తెరిచింది, మొదటి పత్రం పెట్టింది.

మొదటిది సరిపోయింది. రెండోదీ సరిపోయింది. మూడోది తప్పు. నాలుగోది తప్పు. అయిదోదానికి ఆమె ముఖంలో నవ్వు పోయింది. పది ముగిసేసరికి ఆరు తప్పులు. ఆసుపత్రిలోని ఆవిడ పేరు ఒక్క అక్షరం మారేసరికి మళ్లీ రెండు ఫైళ్లుగా విడిపోయింది.

"నాకు వాళ్లు ఇచ్చింది తీసుకొచ్చాను మేడమ్, అంతకుమించి నాకేం తెలీదు," అంది ఆ పిల్ల, అడగకుండానే.

పెద్దాయన ఆ పిల్లను పంపించేసి తలుపు వేశాడు. 

"ధ్రువపత్రం ఆపేస్తున్నాను. నువ్వన్నదే నిజం," అన్నాడు. "కానీ అమ్మా, కమిటీ నన్నొకటి అడుగుతుంది. జవాబులు ఎక్కడి నుంచి పోయాయి? ఫైలు ఎవరు తెరిచినా పట్టీలో పేరు పడుతుంది. చూడు, నీ పేరు తప్ప ఎవరిదీ లేదు. నేను సైతం తెరవలేదు."

 చెప్పకు అన్నాడు భర్త. చెప్పకపోతే పట్టీ చెబుతుంది.

"చిత్తుప్రతి ఇంటికి తీసుకెళ్లాను సార్. జ్వరమొచ్చిన వారం. తప్పే."

ఆయన ఆశ్చర్యపోలేదు. కోప్పడలేదు కూడా. బల్ల సొరుగులోంచి తెల్లకాగితం తీసి ఆమె ముందుకు జరిపాడు.

"ఆ మాటే రాసివ్వు. ఇంట్లోవాళ్ల పేర్లేవీ వద్దు. కాగితం నీ దగ్గర నుంచి పోయిందని రాసి, సంతకం పెట్టు. చాలు. నీ మీద ఈగ వాలకుండా నేను చూసుకుంటాను."

ఆ మంచితనానికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. రాసింది. సంతకం పెట్టింది. సిరా ఆరేదాకా ఆగకుండానే ఆయన దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భర్త తనకంటే ముందే వచ్చి ఉన్నాడు. చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. అత్తగారు వంటింట్లో గిన్నెలు తోముతోంది. తోమినవే తోముతున్నట్టుంది చప్పుడు.

"పదిహేడని మీకెవరు చెప్పారు?" అంది గుణింతం.

అతను నీళ్లు నమిలాడు. "నువ్వే అన్నావు."

"నేననలేదు. పొద్దుట్నుంచి ప్రతి మాటా వెనక్కి తిప్పి చూసుకున్నాను. అనలేదు."

"అయితే ఎక్కడో చూసుంటాను..."

"ఎక్కడ? నా బీరువాలోనా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"అరవకు," అన్నాడు అతను. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "నేనే టైపు చేశాను. నలభైకి నలభై. చూసింది చూసినట్టు."

ఆ మాట వినడానికే పొద్దుట్నుంచి సిద్ధపడింది. అయినా ఎదురు కుర్చీలో కూలబడింది.

"ఎవరి కోసం? తమ్ముడి కోసమేనా?"

"వాడి కోసమైతే వాడు బ్యాగు సర్దుకుంటుంటే నోరు మూసుకుని కూర్చుంటానా? నీ కోసం. నువ్వు జ్వరంలో పడున్న నాలుగో రోజు మధ్యాహ్నం మీ పెద్దాయన వచ్చాడు."

"ఎవరు?"

"మీ పెద్దాయనే. నిన్ను పలకరించడానికని వచ్చాడు. నువ్వు ఒళ్లు తెలీకుండా నిద్రపోతున్నావు. లేపుతానంటే వద్దన్నాడు. మర్నాడు మీటింగుందట, ఆ చిత్తుప్రతికి ఒక శుభ్రమైన ప్రతి కావాలన్నాడు. ఇంట్లో ఉందని ఆయనకి ముందే తెలుసు. తీసిచ్చాను. మీరు టైపిస్టే కదా, ఒక గంట కూర్చుంటారా అన్నాడు. కూర్చున్నాను. కొట్టిచ్చాను. తీసుకుని పోయాడు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నాడు. రహస్య పత్రాలు ఇంటికి తేవడం నేరమట. 'నేను చూడనట్టు ఊరుకుంటాను, మీరూ ఊరుకోండి, ఆమెకి తెలిస్తే కుమిలిపోతుంది' అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను." అతను వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నిన్న నువ్వు చిన్నాడి మీద పడేసరికి నాకు అనుమానం తగిలింది. రాత్రే వీధిలోకి పోయి ఆయనకి ఫోన్ చేశాను. 'ఆ పదిహేడో కాగితం సంగతి ఆమెని ఎత్తనివ్వకండి, మీరు నోరు విప్పారంటే మీ ఆవిడ ఉద్యోగం పోతుంది, నాకు వదిలేయండి' అన్నాడు. చిన్నాడిదేముంది, ఒక పూట అలుగుతాడు, కాళ్లా వేళ్లా పడి తెచ్చుకోవచ్చు అనుకున్నాను..."

"సొంత తమ్ముణ్ణి దొంగంటుంటే అలా అనుకున్నారా?"

అతను వంగి చెప్పులు విప్పుకున్నాడు. 

గుణింతం కళ్ల ముందు ఆ తెల్లకాగితం ఆడింది. నేను సైతం తెరవలేదు అన్నాడాయన. ఎందుకు తెరుస్తాడు? తెరిస్తే పట్టీలో పేరు పడుతుంది. ఇంటికొచ్చి, చెప్పులు బయట విడిచి, పరామర్శ చేసి, ఆమె మొగుడి చేతనే కొట్టించుకుని పోయాడు. కాగితం తన దగ్గర నుంచే పోయిందని ఇవాళ ఆమె తన చేత్తో రాసిచ్చి, పైగా కన్నీళ్లు పెట్టుకుంది.

"సంతకం పెట్టిచ్చాను," అంది. "మధ్యాహ్నమే."

"ఏం సంతకం?"

ఆమె చెప్పింది. 

"సాక్ష్యమేమైనా ఉందా?" అన్నాడు. కోర్టు మనిషి కదా, ముందు ఆ మాటే వచ్చింది. "ఆయన మనింటికి వచ్చినట్టు నువ్వూ నేనూ చెబితే చెల్లదు. మొగుడూ పెళ్లామూ కూడబలుక్కున్నారంటారు."

"నేను చూశాను."

అత్తగారు వంటింటి గుమ్మంలో ఉంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటోంది, ఎంతకీ ఆరనట్టు.

"మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను ఆవేళ. ఆయన రావడం చూశాను, పోవడం చూశాను."

"మరి చెప్పవేమమ్మా!" అన్నాడు కొడుకు.

"ఎలా చెప్పను?" ఆవిడ కోడలి వంక చూసింది. పెళ్లయినప్పటి నుంచీ ఆ కళ్లలో అంత భయం గుణింతం ఎన్నడూ చూడలేదు. "ఆయన ఒక్కడే రాలేదు. వీధి మలుపు దాకా తీసుకొచ్చి, మన ఇల్లు చూపించి వెనక్కి పోయింది చిన్నాడే."



పొద్దున్న అతను కాగితం చూసిన తీరు గుర్తుకొచ్చింది ఆమెకు. రెప్పపాటు కూడా పట్టలేదు. తెలివనుకుంది. తాను నేర్పిన పాఠమని లోలోపల మురిసింది కూడా. ముందే చూసినవాడికి మాత్రం రెప్పపాటు ఎందుకు?

కాదు. వాడు అలాంటివాడు కాదు. దారి అడిగితే చూపించాడేమో. కానీ వదిన వాళ్ల అధికారి ఇంటికొస్తే, ఆ మాట వదినకు చెప్పకుండా ఇన్ని వారాలు ఎలా ఉన్నాడు?

ఆఫీసు నుంచి వస్తూ దారంతా అతనికి చెప్పవలసిన క్షమాపణ కూడగట్టుకుంది. ఇప్పుడు ఫోను చేతిలోకి తీసుకుంటే, క్షమించమనాలో నిలదీయాలో తెలియలేదు. అయినా నొక్కింది.

మొదటి రింగుకే ఎత్తాడు.

"చెప్పమ్మా," అన్నాడు.

"నేను. వదినని."

"తెలుసమ్మా."

 అవతల ఎవరో కుర్చీ జరిపారు. ఆ వెనక, ఎప్పుడూ పెంచని ఆ మెత్తటి గొంతు. "ఎవరు బాబూ?"

"మా అమ్మండీ," అన్నాడు మరిది అటు తిరిగి. మళ్లీ ఫోనులోకి, చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా అన్నాడు. "నా కోసం చూడొద్దమ్మా. పెద్దాయనగారితో నాకు ఇంకా పనుంది. ఈ సంగతి వదినకి మాత్రం చెప్పకు."

ఫోను పెట్టేశాడు. మాట్లాడుతున్నది వదినతోనే అని తెలిసీ, ఆ సంగతి పెద్దాయనకు మాత్రం తెలియనివ్వలేదు.

"ఏమన్నాడు?" అంది అత్తగారు, గుమ్మంలోంచి.